బెంచీలు తీసేశాక

రూవి,
మస్కట్,
అక్టోబర్ 6.

చెల్లెలు సఫూరాకు,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా స్టవ్వూ. మిగతావాళ్ల సంగతి కింద రాస్తున్నాను.

పోయిన నెల మా యజమాని అర్బాబ్ వచ్చి హోటల్ బయట ఉన్న నాలుగు బెంచీలూ తీయించేశాడు. మళ్లీ పెడతాడేమోనని ఇన్నాళ్లూ నీకు రాయలేదు. మనిషి చెడ్డవాడు కాదు. మూడు బెంచీలు తీయించాక, నాలుగోదాని మీద నన్ను కూర్చోబెట్టి కారణం చెప్పాడు. కారులో వచ్చేవాడు హారన్ కొడతాడు, కరక్ చాయ్ తీసుకుంటాడు, వెళ్లిపోతాడు. బెంచీవాడు ఒక్క టీ పెట్టుకుని సాయంత్రం అసర్ నమాజు నుంచి రాత్రి ఇషా దాకా కూర్చుంటాడు. బెంచీల జాగాలో ఇంకో ఆరు కార్లు ఆగుతాయి. ఆయన చెప్పింది నిజమే. ఆ తర్వాత నాలుగో బెంచీ కూడా తీశారు.

గాజు గ్లాసులు పోయి కాగితం కప్పులొచ్చాయి. ఇరవై ఆరేళ్లుగా నేను టీ మాస్టర్ని. ఇప్పుడు పరుగు కూడా నా డ్యూటీయే. హారన్ మోగితే ఒక కారుకి హోటల్ కుర్రాడు అజహర్, ఇంకో కారుకి నేను. యాభై నాలుగేళ్ల వయసులో పరుగు నేర్చుకున్నాను.

మన జిల్లావాళ్లు మొదటి వారం నిలబడి తాగారు. రెండో వారం ఫుట్‌పాత్ అంచున కూర్చున్నారు. మూడో వారం రాలేదు. ఎవరి గదిలో వాళ్లు, ఎవరి ఫోన్‌లో వాళ్లు. హోటల్ ముందు ఇప్పుడు చాలా శుభ్రంగా ఉంది. పాడు చేయడానికి మనుషులు లేరు.

ఇబ్బందల్లా సంబంధాల వాళ్లతోనే. రాయచోటి, మదనపల్లె నుంచి ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "ఎహసాన్ భాయ్, ఫలానా పిల్లోడు మీ హోటల్‌కాడికి వస్తాడంట. ఎట్లాంటోడు?" అని. నీకు తెలుసుగా, ఇన్నేళ్లలో ఎన్ని నిఖాలు నా ఒక్క మాట మీద జరిగాయో. రెండు నెలలు బెంచీ మీద చూస్తే ఎవడైనా తెలిసిపోతాడు. పోయిన వారం మదనపల్లె ఆయన అడిగితే, "బెంచీలు లేవండీ" అన్నాను. పిల్లవాడి గురించి చెడు చెప్పలేక అలా అన్నాననుకుని సంబంధం మానుకున్నారు. ఆ పిల్లవాడు ఎవరో కూడా నాకు తెలియదు.

ఇస్రాయేలు కూరగాయల బండిలో ఈ ఉత్తరం పంపుతున్నాను. బర్కా తోటలకి వారానికి రెండుసార్లు వస్తాడు కాబట్టి నీ జవాబు కూడా అతనికే ఇవ్వు. నీ మేడమ్ శుక్రవారం ఇచ్చే అరగంట ఫోను నీ బిడ్డ హుమాకే వాడుకో. నాతో మాట్లాడి దాన్ని వృథా చేయొద్దు.

నీ అన్న,
ఎహసాన్.


బర్కా,
అక్టోబర్ 13.

భాయిజాన్‌కు,

వాలైకుమ్ అస్సలాం. నీ ఉత్తరం వంకాయల బస్తా మీద పడుకుని వచ్చింది. నాలుగు బెంచీలు పోయాయని నాలుగు పేజీలు రాశావు. మన అబ్బా పోయినప్పుడు ఒకటే పేజీ రాశావు. నేను నిష్ఠూరమాడటం లేదు, లెక్క చెబుతున్నానంతే.

నేను బాగున్నాను. మేడమ్ మంచిదే. నా ఫోను మాత్రం ఆవిడ అల్మారాలో ఉంటుంది. వంటింటి కిటికీలోంచి ఖర్జూరపు చెట్లు కనిపిస్తాయి. తొమ్మిదేళ్లుగా అవే చెట్లు.

అసలు విషయం. హుమాకు సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు తౌసీఫ్, ప్రొద్దుటూరు వాళ్లు. మీ రూవి పక్కన వాదీ కబీర్‌లో ఏసీల కంపెనీలో పని. కంపెనీవాళ్లు బండి కూడా ఇచ్చారని వాళ్లమ్మ చాంద్ బీ మన రుఖయ్యా పిన్నితో రెండుసార్లు చెప్పిందట. రోజూ సాయంత్రం నీ హోటల్‌కే వస్తాడట. "పిల్ల మామూనే అడగండి" అని ధైర్యంగా అందట.

హుమాకు ఇరవై మూడు నిండాయి. మెడికల్ షాపులో పని చేసుకుంటూ పిన్ని ఇంట్లో ఉంటోంది. మూడు సంబంధాలు వద్దంది. దీనికి మాత్రం, "మామూ చూసి చెప్తే చేసుకుంటా" అంది.

భాయిజాన్, ఈ ఒక్క విషయంలో నాకు వేళాకోళం లేదు. అబ్బా ఎవరినీ విచారించకుండా నన్ను ఇచ్చాడు. నా మొగుడికి మదనపల్లెలో ఇంకో పెళ్లాం, ఇంకో ఇల్లు ఉందని నాకు ఏడాదికి తెలిసింది. నువ్వప్పుడు మస్కట్‌లో ఉన్నావు, నిన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. నా కూతురి విషయంలో బెంచీలు లేవని చెప్పొద్దు. ఆ అబ్బాయి ఎలాంటివాడో చూసి చెప్పు. కావాలంటే హుమా చేత అతని ఫోటో నీకు పంపిస్తాను.

నీ చెల్లెలు,
సఫూరా.


రూవి,
అక్టోబర్ 20.

సఫూరాకు,

ఫోటో వద్దు. ఫోటోల్లో అందరూ మంచివాళ్లే. పైగా నాకిప్పుడు ముఖాలు గుర్తుండటం లేదు, కార్లు గుర్తుంటున్నాయి. నల్ల పెద్ద కారు అంటే రెండు కరక్, ఒక చీజ్ పరాఠా. ఎర్ర చిన్న కారు అంటే చక్కెర లేని టీ, కొంచెం కోపం. అందుకని అబ్బాయి బండి నంబరు పంపు. మిగతాది నేను చూసుకుంటాను.

వాళ్లమ్మకు ఇంకేమీ చెప్పొద్దు. చూస్తున్నామని అబ్బాయికి తెలియకూడదు. పేరు అడిగినా పసిగడతారు. ఇన్నేళ్లలో నేను ఏ పెళ్లికొడుకునూ పేరు అడగలేదు. బెంచీ మీద పక్కవాడు పిలిచేవాడు, నేను వినేవాణ్ని.

ఇంకో కబురు. మా బెంచీల మీద కూర్చునే సమీయుల్లా వాళ్ల తమ్ముడు రాయచోటిలో చనిపోయాడు. బెంచీలు పోయాక ఎవరో 'రూవి కడప బ్రదర్స్' అని వాట్సాప్ గ్రూపు పెట్టారు. సమీయుల్లా అందులో కబురు పెడితే నూట నలభై మంది 'ఇన్నా లిల్లాహి' అని పెట్టారు. ఒక్కరూ గదికి వెళ్లలేదు. నేనూ పెట్టాను. నాకూ డ్యూటీ ఉంది. ఇదివరకైతే ఆ బెంచీ మీదే అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకునేవాళ్లం. దాని గురించి రాస్తే మళ్లీ బెంచీలంటావు కాబట్టి ఆపేస్తున్నాను.

ఎహసాన్.


బర్కా,
అక్టోబర్ 27.

భాయిజాన్‌కు,

తెల్ల పికప్. నంబరు చివర 418.

నంబరు అడిగినందుకు చాంద్ బీ నొచ్చుకుందట. "మా పిల్లోనికి బండి ఉందంటే నమ్మరా?" అందట. నమ్మకం ఉంది, మా అన్న ఈమధ్య ముఖాలు మర్చిపోతున్నాడు అని చెప్పించాను. ఇప్పుడు నీ ఆరోగ్యం ఎలా ఉందని రాయచోటి అంతా అడుగుతోంది.

తొందరగా చూడు.

సఫూరా.


రూవి,
నవంబర్ 10.

సఫూరాకు,

చూశాను. రెండు వారాలు చూశాను. ఒప్పుకోండి.

418 నాకు ముందునుంచీ తెలిసిన బండే. రోజూ అసర్ తర్వాత వస్తుంది. అతను హారన్ ఒక్కసారే కొడతాడు, అదీ చిన్నగా. కిటికీ అద్దం పూర్తిగా దించి ముందు సలాం చెబుతాడు, తర్వాతే టీ చెబుతాడు. చక్కెర తక్కువ కరక్ ఒకటి. తాగిన కప్పు రోడ్డు మీద పడేయడు, మర్నాడు తెచ్చి నా చేతికిస్తాడు. ఇలాంటివాడు రూవి మొత్తంలో ఒక్కడే. పోయిన ఎండాకాలం నా చెయ్యి కాలితే, బండి పక్కకు తీసి, నన్ను ఎక్కించుకుని క్లినిక్‌కి తీసుకెళ్లింది కూడా ఇతనే. అప్పుడు పేరు అడగలేదు, చెయ్యి మండుతోంది. వయసు కొంచెం ఎక్కువనిపించింది గానీ, ఈ ఎండలో పనిచేసేవాళ్లు అలాగే కనిపిస్తారు.

పక్క సీట్లో ఇంకొకడు ఉంటాడు. వాడు తల ఎత్తగా నేను చూడలేదు. ఫోన్‌లోనే ఉంటాడు. టీ కూడా తాగడు. అలాంటివాడిని పక్కన పెట్టుకుని ఇంత ఓర్పుగా ఉన్నాడంటే, ఇతను ఇంట్లో ఎలా ఉంటాడో నువ్వే ఊహించుకో.

హుమాకు మామూ మాటగా చెప్పు. పిల్లవాడు బంగారం.

ఎహసాన్.


బర్కా,
నవంబర్ 20.

భాయిజాన్‌కు,

అల్లా దయవల్ల మంగ్నీ అయిపోయింది. శుక్రవారం మేడమ్ ఇచ్చిన అరగంటలో వీడియోలో చూశాను. పద్దెనిమిది నిమిషాలు మంగ్నీ, మిగతా పన్నెండు నిమిషాలు నెట్ గుండ్రంగా తిరగడం. అబ్బాయి రాలేదు, సెలవు లేదట, వాళ్లమ్మ వచ్చి ఉంగరం పెట్టింది. రంజాన్ పండగ తర్వాత నిఖా.

అంతకు ముందే, మేడమ్‌ను బతిమాలి పది నిమిషాలు ఫోను అడిగి, నీ ఉత్తరం హుమాకు చదివి వినిపించాను. కప్పు మర్నాడు తెచ్చిస్తాడన్న మాట దగ్గర మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. "అయితే సరే అమ్మీ" అంది. అంతే. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. బాధేమీ లేదు. ఇన్నేళ్లకు ఒక పని సరిగ్గా జరిగిందని.

ఇప్పుడు పిల్లలిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు. ఎక్కువ మాట్లాడడట. సిగ్గనుకుంటా. ఒక చిన్న విచిత్రం. హుమా అతన్ని, "మా మామూ టీ ఎట్లుంటాది?" అని అడిగిందట. "నేను టీ తాగను, కడుపులో మంట" అన్నాడట. నీ ముందు మొహమాటానికి తాగుతున్నాడేమో పాపం. కొంచెం పాలు ఎక్కువ పోసి ఇవ్వు.

సఫూరా.


రూవి,
నవంబర్ 24.

సఫూరాకు,

మస్కట్‌లో రెండు రోజులుగా మబ్బు పట్టింది. ఈ ఏడాది మబ్బులు బాగున్నాయి. కొండల మీద నుంచి వస్తాయి, కాసేపు ఉంటాయి, పోతాయి. అజహర్‌కి జలుబు చేసి తగ్గింది.

కాగితం కప్పుల రంగు మార్చారు. ఇంతకుముందు గోధుమ రంగు, ఇప్పుడు తెలుపు.

మంగ్నీ అయిందని రాశావు. పూర్తిగా అయిందా?

ఎహసాన్.


బర్కా,
నవంబర్ 28.

భాయిజాన్‌కు,

ఇరవై ఆరేళ్లలో నువ్వు నాకు మబ్బుల గురించి రాయలేదు. తుఫాను వచ్చి మీ హోటల్లో మోకాలి లోతు నీళ్లు నిలిచినప్పుడు కూడా రాయలేదు. ఏం జరిగింది?

సఫూరా.


రూవి,
డిసెంబర్ 1.

సఫూరాకు,

ఈ ఉత్తరం మూడోసారి రాస్తున్నాను. మొదటి రెండూ మబ్బుల దగ్గరే ఆగిపోయాయి.

టీ తాగడని నువ్వు రాసింది చదివిన రోజే 418 వచ్చింది. నేనే పరుగెత్తాను. కిటికీ దగ్గర వంగి, మొదటిసారి నా నియమం తప్పి, "తౌసీఫ్ భాయ్, చక్కెర తక్కువేనా?" అన్నాను. అతను నవ్వి, "మై సుఫియాన్ హూఁ భాయ్. తౌసీఫ్ అంటే వీడు" అని పక్క సీటు చూపించాడు.

పక్క సీటువాడు తల ఎత్తాడు. మూడు నెలలుగా వాడికి మూడడుగుల దూరంలో నిలబడి టీ ఇస్తున్నాను. ముఖం చూడటం అదే మొదలు. "ఏంది భాయ్?" అన్నాడు. ఏమీ లేదన్నాను. మళ్లీ ఫోన్‌లోకి వెళ్లిపోయాడు.

కప్పు తెచ్చిచ్చేది సుఫియాన్. నన్ను క్లినిక్‌కి తీసుకెళ్లింది సుఫియాన్. హైదరాబాద్ మనిషి, నలభై ఒక్క ఏళ్లు, ముగ్గురు పిల్లలు. బండి అతనికిచ్చారు. తౌసీఫ్ ఏసీ మెకానిక్, పక్కన కూర్చుని సైట్లకి పోతాడు. వాళ్లమ్మ బండి సంగతి గొప్పకు చెప్పింది, నేను అదే పట్టుకున్నాను. పేరు అడక్కూడదనే నియమం బెంచీ ఉన్నప్పటిది. బెంచీ పోయాక కూడా నియమం నా దగ్గరే ఉండిపోయింది.

వెంటనే రాయాల్సింది. రాయలేదు. ముందు అతని గురించి మంచి మాట ఒకటైనా తెలుసుకుని, దాంతో కలిపి రాద్దామనుకున్నాను. శుక్రవారం వాదీ కబీర్‌లో తౌసీఫ్ గదికి వెళ్లాను. అతను లేడు. ఐదుగురు ఉన్నారు, ఐదుగురి చెవుల్లోనూ ఇయర్ ఫోన్లు. తౌసీఫ్ ఎలాంటివాడని అడిగాను. "ఎవరూ తౌసీఫ్?" అన్నాడొకడు. కిటికీ పక్క పై మంచం అంటే గుర్తుపట్టాడు. "ఓ, ఆయనా. గొడవేం లేదు" అన్నాడు. రెండేళ్లు ఒకే గదిలో ఉన్నారు. ఏ ఊరో తెలియదు, ఏం తింటాడో తెలియదు. చెడ్డవాడని ఎవరూ అనలేదు. మంచివాడని కూడా అనలేదు.

సఫూరా, నాకు సిగ్గుగా ఉంది. హుమా బతుకుని కారు కిటికీలోంచి చూసి రాసిచ్చాను. నువ్వు నన్ను ఒకే ఒక్క పని అడిగావు, నేను దాన్ని హారన్‌కీ హారన్‌కీ మధ్య చేశాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చాంద్ బీకి నేనే ఫోన్ చేసి సంబంధం వద్దని చెబుతాను. తప్పు నాదని చెబుతాను.

ఎహసాన్.


బర్కా,
డిసెంబర్ 8.

భాయిజాన్‌కు,

నీ ఉత్తరం గేటు దగ్గరే చదివాను. నా ముఖం చూసి ఇస్రాయేలు, "యేమక్కా, ఎవురన్నా పోయినారా?" అని అడిగాడు. లేదు, ఒకాయన మాట పోయింది అన్నాను.

కోపంగా ఉన్నాను. నీ ఉత్తరం పట్టుకుని హుమాకు రెండుసార్లు చదివి వినిపించింది నేను. ఆ పిల్ల ఒప్పుకున్నది అతనికి కాదు, నీకు. అబ్బా విచారించకుండా ఇచ్చాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. నువ్వు విచారించి మరీ ఇంకొకడిని చూసి వచ్చావు. మొదటిసారి కనిపెట్టిన రోజే చెప్పకుండా కప్పుల రంగు రాశావు చూడు, అది నాకింకా మంటగా ఉంది.

ఎవరికీ ఫోన్ చేయొద్దు. వద్దనడానికి నువ్వెవరివి? అతను చేసిన తప్పేమిటి, టీ తాగకపోవడమా?

శుక్రవారం హుమాకు అంతా చెప్పాను. "మామూకి ఆయన తెలీకపోతే, తెలుసుకోమను" అంది. అంతే. రంజాన్ నెల మొదలయ్యేలోపు చెప్పమంది. అప్పుడు అవునో కాదో తనే చెబుతుందట.

కాబట్టి కూర్చో. ఎక్కడ కూర్చుంటావో నాకు తెలియదు. నేల మీద కూర్చో. అతను ఎవరో చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. బంగారం అని మాత్రం రాయొద్దు.

సఫూరా.


రూవి,
డిసెంబర్ 29.

సఫూరాకు,

నీ మాటలన్నీ నాకు తగినవే. రెండుసార్లు చదువుకున్నాను.

దాపరికం మానేశాను. తౌసీఫ్‌తో నేరుగా, "నేను హుమా మామూని. రోజూ గంట నీతో కూర్చోవాలి" అన్నాను. ఎందుకన్నాడు. నువ్వెవరో తెలియదు గనక అన్నాను. "బయోడేటా పంపినాం కదా" అన్నాడు. అదీ నిజమే.

కూర్చోవడానికి జాగా దొరకలేదు. హోటల్ దగ్గర లేదు. అతని గదిలో మాట్లాడితే ఐదుగురూ ఇయర్ ఫోన్లు తీసి మమ్మల్ని చూశారు. చివరికి పొద్దుగూకి మగ్రిబ్ అయిన తర్వాత నాకు దొరికే గంటలో 418లోనే కూర్చున్నాం. సుఫియాన్ స్టీరింగ్ దగ్గర, నేను మధ్యలో, అతను కిటికీ వైపు. మొదటి రోజు నాకు టీ తాగాలనిపించి దిగబోతే, "కస్టమర్ దిగడమేంది భాయ్?" అని సుఫియాన్ హారన్ కొట్టాడు. అజహర్ పరుగెత్తుకొచ్చి, కిటికీలో నన్ను చూసి, "ఎన్ని?" అన్నాడు. రెండు అన్నాను. ఇరవై ఆరేళ్లలో ఆ హోటల్ టీకి నేను హారన్ కొట్టించడం అదే మొదటిసారి. చక్కెర ఎక్కువైంది.

మూడో రోజు సమీయుల్లా నన్ను బండిలో చూసి వెనక తొట్టిలో ఎక్కాడు. తర్వాత అతని రూమ్‌మేట్ ఎక్కాడు. పోయిన శుక్రవారానికి తొట్టిలో ఏడుగురం అయ్యాం. నేనూ తౌసీఫ్ కూడా వెనక్కే మారాం. అర్బాబ్ వచ్చి చూశాడు. బండి గీతల మధ్య సరిగ్గా ఆగి ఉంది. హారన్ కొట్టే టీ తీసుకుంటున్నాం. అందరికీ పరాఠాలు చెప్పమని మాత్రం నాతో అని వెళ్లిపోయాడు.

తౌసీఫ్ గురించి ఇప్పుడే ఏమీ రాయను. మొదటి వారం మంచిగా నటించాడు. రెండో వారానికి అలిసిపోయాడు. ఇప్పుడు మూడో వారం.

ఎహసాన్.


రూవి,
ఫిబ్రవరి 9.

సఫూరాకు,

రెండు నెలలు కూర్చున్నాను. రంజాన్‌కి ఇంకా మూడు వారాలుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, హుమాకు మొత్తం చదివి వినిపించు. నువ్వు మధ్యలో ఏదీ దాటేయొద్దు.

కోపం ఎక్కువ. ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు. ఒకరోజు అజహర్ అతని ఫోన్ మీద టీ ఒలికిస్తే కప్పు విసిరికొట్టి, "కండ్లు కనపడవా నీకు?" అని అరిచాడు. క్షమించమని అడగలేదు. ఆ వారమంతా అడగలేదు. శుక్రవారం తన టూల్ పెట్టె తెచ్చి, నెల రోజులుగా చల్లబడని మా హోటల్ ఫ్రిజ్ బాగుచేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నోటితో తప్పు ఒప్పుకోవడం ఇతనికి రాదు. చేతులతో ఒప్పుకుంటాడు. భార్యకు ఇది కష్టమే, ప్రతిసారీ ఇంట్లో ఫ్రిజ్ చెడిపోదు కదా.

అలుగుతాడు. ఆటపట్టిస్తే రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంటాడు. అలా అని రావడం మానడు. వచ్చి మరీ అలుగుతాడు.

పక్కవాడి పల్లీలు అడక్కుండా తింటాడు. తన పొట్లం జేబులో ఉంచుకుంటాడు. క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు వంకర అంటాడు. ఏసీ గ్యాస్ గురించి మొదలుపెడితే ఆపడు, మాలో ముగ్గురు నిద్రపోయారు.

బండి సంగతి అడిగాను. ముఖం ఎర్రబడింది. "మా అమ్మే వీధంతా చెప్పేసింది భాయ్, నేను కాదనలేకపోయినా" అన్నాడు. కాదనాల్సిందే. అనలేదు. ఇది చిన్న అబద్ధమే గానీ, అబద్ధమే. వాళ్లమ్మ ముందు ఇతనికి నోరు లేవదు, ఈ సంగతి హుమాకు బాగా తెలియాలి.

రెండో ఇల్లు లేదు. దీని కోసం ప్రొద్దుటూరువాళ్లు ముగ్గురిని విడివిడిగా అడిగాను. తాగుడు లేదు. ఇంటికి రోజూ ఫోన్ చేస్తాడు, "తిన్నా" అని చెప్పి పెట్టేస్తాడు. మస్కట్ వచ్చిన మొదటి ఏడాది ఎవరితోనూ మాట్లాడలేక, ఫోన్‌లో ఏమీ లేకపోయినా దాన్నే చూస్తూ కూర్చోవడం అలవాటైందని పోయిన వారం తనే చెప్పాడు. చెప్పాక నా మీద కోపం తెచ్చుకున్నాడు.

ఒక మంచి చూశాను. సమీయుల్లా తమ్ముడి సంగతి వచ్చినప్పుడు మేమంతా అల్లా రాసిపెట్టింది అంటూ సర్దిచెబుతున్నాం. ఇతను, "మీ తమ్ముని పేరేంది భాయ్?" అని అడిగాడు. నాలుగు నెలల్లో మేమెవరం అడగలేదు. సమీయుల్లా ఆ సాయంత్రమంతా తమ్ముడి గురించే చెప్పాడు. ఇతను విన్నాడు. ఫోను తీయలేదు.

నాకు తెలిసింది ఇంతే. చేసుకోమని నేను చెప్పను, వద్దనీ చెప్పను. నా మాట మీద కాకుండా, ఈ మనిషి మీద ఆలోచించమను. ఏమన్నా సరే, చాంద్ బీతో నేను మాట్లాడతాను.

ఎహసాన్.


బర్కా,
ఫిబ్రవరి 15.

భాయిజాన్‌కు,

నిన్న శుక్రవారం. నీ ఉత్తరం మొత్తం చదివాను, ఏదీ దాటేయలేదు. చదువుతుంటే నాకే భయమేసింది. పల్లీల దగ్గర గొంతు తగ్గించి చదివాను. అరగంట అయిపోవచ్చింది. మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది, ఫోను తీసుకోవడానికి.

"ఏమంటావు తల్లీ? వద్దంటే వద్దు. ఎవరికీ భయపడొద్దు" అన్నాను.

"అమ్మీ, మొదటి ఉత్తరం విన్నప్పటినుంచి నాకు నిద్ర పట్టలా" అంది. "సరే అన్నా గానీ, అంత మంచోని పక్కన ఎట్లా ఉండల్ల, తప్పు చేస్తే ఎట్లా అని ఒకటే గుబులు. ఈయప్ప అయితే పర్వాలేదు. ఈయప్పతో పోట్లాడొచ్చు."

చేసుకుంటుందట. వాళ్లమ్మ ముందు నోరు లేవని సంగతి మాత్రం నిఖాకు ముందే తనే అతనితో మాట్లాడుతుందట. మాట్లాడనీ.

ఫోను మేడమ్ చేతికిచ్చాను. నాకు నవ్వు ఆగలేదు. పెట్టేశాక కూడా నవ్వుతూనే ఉన్నాను. ఏమైందని అడిగింది. నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను, నా అల్లుడికి కోపం ఎక్కువట, అలుగుతాడట, ఓడిపోతే ఒప్పుకోడట అని. ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత, "మబ్రూక్" అని శుభాకాంక్షలు చెప్పింది.

నీ చెల్లెలు,
సఫూరా.